ఖాళీ గడిలో ఏముంది?

పది రోజుల వానలెక్క ఒకటి ఇస్తున్నాను. పెన్సిలు తీసుకుని సగటు కట్టండి. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలే. అన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి.

12, 0, 8, ఖాళీ, 0, 20, ఖాళీ, 0, 0, 0.

నాలుగో రోజు గడి, ఏడో రోజు గడి ఖాళీగా ఉన్నాయి. ఆ రోజుల్లో వాన పడలేదని దీని అర్థం కాదు. ఆ రెండు ఉదయాలూ వానమాపకం దగ్గరికి వెళ్లి కొలిచి రాసినవారు లేరు, అంతే.

మీకు ఎంత వచ్చింది? ఖాళీలను సున్నలుగా భావించి పదితో భాగించినవారికి 4 వస్తుంది. ఖాళీలను వదిలేసి, కొలిచిన ఎనిమిది రోజులతోనే భాగించినవారికి 5 వస్తుంది. మూడో జవాబు కూడా ఉంది. వాతావరణ పట్టికల్లో చాలాచోట్ల కొలత లేదని తెలపడానికి −999 అని రాస్తారు. అది గుర్తు మాత్రమేనని తెలియని యంత్రం దాన్ని కూడా వానే అనుకుని కూడితే మొత్తం −1958, సగటు −195.8 అవుతుంది. అంటే నేలమీది నీళ్లు ఎగిరి మేఘాల్లోకి కురిశాయన్నమాట!

మూడో జవాబు చూసి ఎవరైనా నవ్వి, తప్పు పట్టుకుంటారు. ప్రమాదం మొదటి జవాబులో ఉంది. అది చూడడానికి పెద్దమనిషిలా ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్ల సగటును చూసి ఎవరికీ అనుమానం రాదు. నవ్వు తెప్పించే తప్పుకంటే నమ్మించే తప్పు ప్రమాదకరమని ముందు గుర్తుపెట్టుకోండి.

చేతిలెక్క చాలని చోటు

మంత్రాలయం తుంగభద్ర ఒడ్డున ఉంది. ఏటి పక్కన ఉన్న ఊరే అయినా చుట్టూ ఉన్నది మెట్ట ప్రాంతం. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 670 మిల్లీమీటర్లు. అదీ రావలసిన వేళకు వస్తుందన్న నమ్మకం లేదు. వేరుశనగ విత్తాలన్నా, పత్తి బతకాలన్నా రైతు ఆకాశం వంక చూడవలసిందే. ఇదే మంత్రాలయం 2009 అక్టోబరు మొదటి రోజుల్లో తుంగభద్ర వరదలో మునిగింది. మఠంలోకీ నీళ్లు వచ్చాయి. అక్టోబరు 2న కర్నూలు నగరం కూడా మునిగింది. ఒకే నేల ఒక ఏడు కరువునూ, మరో ఏడు వరదనూ చూస్తుంది. అందుకే ఇక్కడ వానలెక్క పాఠ్యపుస్తకంలోని అభ్యాసం మాత్రమే కాదు. ఒక మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలా వద్దా అని తేల్చేటప్పుడు వాన ఎంత తగ్గింది, రెండు వానల మధ్య ఎడం ఎంత అన్నవి చూస్తారు.

ఆ లెక్క చేతితో చేయగలమా? భారత వాతావరణ శాఖవారు 1901 నుంచి ప్రతిరోజు వానకూ దేశపటం మీద గళ్లు గీసి అంకెలు తయారుచేశారు. గడికి గడికి మధ్య దూరం పావు డిగ్రీ, అంటే సుమారు 27 కిలోమీటర్లు. అక్షాంశం 16, రేఖాంశం 77.5 దగ్గరి గడి మంత్రాలయానికి దగ్గరిది. 1901 నుంచి 2020 దాకా 120 సంవత్సరాలకు 43,830 రోజులు. (లీపు సంవత్సరాలు లెక్కపెట్టి సరిచూడండి.) ఒక్కో అంకెను అయిదు సెకన్లలో కూడినా ఈ ఒక్క గడికే 60 గంటలు దాటుతుంది. పట్టికలో గళ్లు అడ్డంగా 135, నిలువుగా 129, మొత్తం 17,415. వీటిలో సముద్రం మీద పడినవీ, దేశం హద్దు దాటినవీ ఎన్నో ఉన్నాయి. వాటన్నిటిలోనూ −999 గుర్తే ఉంటుంది.

కాబట్టి ఈ పని కంప్యూటర్‌కు అప్పగిస్తాం. అయితే అది స్వయంగా ఆలోచించదు. ఎవరో రాసిపెట్టిన ఆదేశాల వరుసను తు.చ. తప్పకుండా పాటిస్తుంది. ఆ వరుసనే కోడ్ అంటారు. సగటు కట్టడం, పట్టికలు కలపడం, గీతలు గీయడం వంటి పనుల కోడ్‌నంతా ఒకచోట చేర్చి, కావలసినవారు వాడుకునేలా కట్టిన మూటే ప్యాకేజీ. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఖాళీ గడిని ఏంచేయాలో ఆ కోడ్‌లో ఎవరు రాశారు? వారు సరిగా రాశారని మనకెలా తెలుస్తుంది?

ఎవరైనా తెరిచి చూడగల లెక్క

మీ లెక్కల మాస్టారు జవాబు ఒక్కటే రాస్తే మార్కులివ్వరు. 'స్టెప్పులు ఏవీ?' అంటారు. విజ్ఞానశాస్త్రం అడిగేదీ అదే. కోడ్‌ను దాచిపెట్టి ప్యాకేజీని మాత్రం అమ్మితే మనకు జవాబు కనిపిస్తుంది, స్టెప్పులు కనిపించవు. కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచి, చదవడానికీ, మార్చడానికీ, ఇతరులకు పంచడానికీ అనుమతి ఇస్తే దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు.

శాస్త్రజ్ఞులు నేడు ఎక్కువగా వాడే ప్యాకేజీలు ఈ కోవలోవే. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అనే ఇద్దరు అధ్యాపకులు గణాంకశాస్త్రం కోసం ఒక కంప్యూటర్ భాషను తయారుచేశారు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరమే దాని పేరయింది: 'ఆర్'. 1995లో దాన్ని అందరికీ తెరిచి ఇచ్చారు. పైథాన్ అనే మరో భాషలో 'నంపై', 'పాండాస్' అనేవి ప్రసిద్ధమైన ప్యాకేజీలు. 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా చూసిన కృష్ణబిలం చిత్రం తయారీలో నంపై పాలు పంచుకుంది. పాండాస్‌ను వెస్ మెకిన్నీ అనే అమెరికన్ యువకుడు 2008లో ఒక పెట్టుబడుల సంస్థలో పనిచేస్తూ రాయడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు అది ఓపెన్ సోర్స్ అయింది. అప్పటి నుంచి దేశదేశాలవారు వేలమంది దానికి చేర్పులు చేశారు. వారిలో చాలామందికి దానికోసం జీతమంటూ లేదు.

తెరవని హుండీ

ఆ పాండాస్‌లోనే జరిగిన ఒక చర్చ మన ఖాళీ గడి గురించే. ప్రశ్న చిన్నది: ఒక నెలలో ఒక్క కొలత కూడా లేదు, ముప్పై గళ్లూ ఖాళీలే. ఆ నెల మొత్తం వాన ఎంత?

మంత్రాలయంలో పుట్టి పెరిగినవారికి ఇలా చెబుతాను. హుండీ తెరిచి చూశారు, లోపల ఏమీ లేదు. అందులో ఎంత ఉంది? సున్న. మరో హుండీని ఇంకా తెరవనే లేదు. అందులో ఎంత ఉంది? తెలియదు. సున్న వేరు, తెలియకపోవడం వేరు. వాన కొలిచేవారికి ఖాళీ గడి తెరవని హుండీ లాంటిది. ముప్పై ఖాళీలు కూడి సున్న అని రాస్తే, కొలవని నెల కరువు నెలగా మారిపోతుంది.

అవతలి పక్షం వాదన కూడా వినండి. ఏమీ లేనివాటిని కూడితే సున్న అన్నది గణితంలో చాలాకాలంగా ఉన్న నియమం. దానివల్ల ఒక సౌకర్యం ఉంది. ఒక జాబితాను ఎన్ని ముక్కలు చేసినా, ముక్కల మొత్తాలన్నీ కలిపితే అసలు మొత్తం రావాలి. ఒక ముక్క ఖాళీ అయినప్పుడు దాని మొత్తాన్ని సున్న అనుకుంటేనే ఈ లెక్క కుదురుతుంది. అంగడి చిట్టా రాసేవారికి ఇదే సరి. బేరం లేని రోజు అమ్మకం సున్నే కదా!

రెండు వాదాలూ సబబైనవే. తొలి రోజుల పాండాస్‌లో వచ్చిన చిక్కు మరొకటి. లెక్కను వేగంగా చేసే 'బాటిల్‌నెక్' అనే సహాయక ప్యాకేజీ యంత్రంలో ఉంటే ఒక జవాబు, లేకపోతే వేరొక జవాబు వచ్చేవి. అదే పట్టిక, అదే ఆదేశం, జవాబులు మాత్రం రెండు! 2017 అక్టోబరులో వచ్చిన 0.21 సంచికలో అన్ని యంత్రాల్లోనూ జవాబు 'తెలియదు' అని స్థిరపరిచారు. దానిమీద అభ్యంతరాలు వచ్చాయి. వాదోపవాదాలు నడిచాయి. 2017 డిసెంబరు చివర 0.22 సంచికలో నిర్ణయం మారింది: మామూలుగా జవాబు సున్న. కానీ 'మిన్ కౌంట్' అనే ఒక మీటను కొత్తగా అమర్చారు. కనీసం ఎన్ని కొలతలు ఉంటే మొత్తం చెప్పవచ్చో దానికి చెప్పాలి. ఒకటి అని చెబితే, ఒక్క కొలత కూడా లేని నెలకు 'తెలియదు' అన్న జవాబే వస్తుంది.

మంత్రాలయం వాన లెక్కించేవారు ఈ మీట సంగతి తెలుసుకోవాలి. వరదకాలంలో దీని అవసరం మరీ ఎక్కువ. ఎందుకో ఆలోచించండి. కుంభవృష్టి కురిసిన రోజే వానమాపకం మునిగిపోవచ్చు, కొలిచే మనిషికి దారి తెగిపోవచ్చు. అంటే గడి ఖాళీ అయ్యేది మామూలు రోజున కాదు, అన్నిటికంటే ఎక్కువ వాన పడిన రోజునే కావచ్చు. ఆ ఖాళీని సున్న అనుకుంటే మహావృష్టి రోజు పొడిరోజుగా నమోదవుతుంది. రేపు ఎవరో ఆ లెక్క చూసి కట్ట ఎత్తు నిర్ణయిస్తారు.

వరుస తప్పిన ఫైళ్లు

ఇంకో ఉదంతం వినండి. అమెరికాలో రసాయన శాస్త్రజ్ఞులు కొందరు ఒక అణువు నిర్మాణాన్ని నిర్ధారించే పద్ధతిని, దానికి కావలసిన పైథాన్ కోడ్‌తో సహా, 2014లో ప్రకటించారు. కోడ్ తెరిచే ఉంది కనుక ఎందరో దాన్ని వాడుకున్నారు. 2019లో హవాయీ విశ్వవిద్యాలయంలో యుహెంగ్ లువో అనే పరిశోధక విద్యార్థి తన ఫలితాన్ని సరిచూసుకుంటూ ఒక వింత గమనించాడు. ఒకే కోడ్, ఒకే సమాచారం. ఒక రకం కంప్యూటర్‌లో ఒక అంకె, మరో రకం కంప్యూటర్‌లో మరో అంకె!

కారణం వెతికితే ఇలా తేలింది. ఆ కోడ్ ఒక సంచిలోని ఫైళ్లన్నిటి పేర్లూ తెమ్మని కంప్యూటర్‌ను అడుగుతుంది. పేర్లు అక్షరక్రమంలోనే వస్తాయని అనుకుని, వాటిని జతలు జతలుగా చూస్తుంది. కానీ ఆ క్రమానికి పైథాన్ హామీ ఇవ్వలేదు. కొన్ని యంత్రాలు వరుసగా ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. హాజరుపట్టీ క్రమంలో కూర్చోని తరగతికి, వరుసగా జవాబు పత్రాలు పంచినట్టయింది. ఒకరి మార్కులు మరొకరికి పడ్డాయి. పరిష్కారం? పేర్లు అందగానే వాటిని క్రమంలో పెట్టమని ఒక్క ఆదేశం చేర్చడం. ఆ కోడ్‌ను ఉదహరించిన పరిశోధనా వ్యాసాలు నూటికి పైగా ఉన్నాయి. వాటిని మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. కోడ్ తెరిచి ఉన్నంతమాత్రాన తప్పు దానంతటది బయటపడలేదు. అయిదేళ్లు అలాగే ఉంది. ఒకరు ఓపికతో రెండోసారి చూసినప్పుడే బయటపడింది. అయితే ఆ చూసిన మనిషి కారణం దాకా వెళ్లగలిగాడంటే, కోడ్ తెరిచి ఉండడం వల్లే.

ఒక సవరణ ప్రయాణం

తప్పు కనిపించింది, సరిచేయాలని ఉంది. అప్పుడేం చేస్తారు? తిన్నగా వెళ్లి ప్యాకేజీని మార్చేయవచ్చా? ప్రపంచంలో లక్షలమంది వాడే కోడ్‌ను తోచినవారు తోచినట్టు దిద్దితే ఇంకేముంది? అందుకే ఒక పద్ధతి ఏర్పడింది.

మొదట తప్పును అందరికీ కనిపించేలా తెలియజేయాలి. 'సగటు తప్పు వస్తోంది' అంటే చాలదు. ఇచ్చిన అంకెలు ఏవి, రావలసిన జవాబు ఏది, వచ్చిన జవాబు ఏది అన్నవి రాయాలి. ఇతరులు తమ యంత్రంలో వేసి చూస్తే అదే తప్పు కనబడాలి. ఉదాహరణ ఎంత చిన్నదైతే అంత మంచిది.

తరువాత అసలు కోడ్‌కు తన సొంత నకలు తీసుకుని అందులో సవరణ చేయాలి. ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తి మార్చారో గుర్తుంచుకోవడానికి 'గిట్' అనే సాధనం ఉంది. లినస్ టోర్వాల్డ్స్ దాన్ని 2005లో తయారుచేశాడు. పాత రూపం ఎప్పుడూ చెరిగిపోదు, కావాలంటే వెనక్కి వెళ్లవచ్చు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. సవరణతోపాటు పరీక్ష కూడా రాసి ఇవ్వాలి. మన ఖాళీ గడి విషయంలో పరీక్షలు ఇలా ఉంటాయి. 12, ఖాళీ, 8 ఇస్తే మొత్తం 20 రావాలి. 0, 0, 0 ఇస్తే 0 రావాలి. మూడూ ఖాళీలే ఇచ్చి, కనీసం ఒక కొలత ఉండాలని చెబితే 'తెలియదు' అని రావాలి. ఈ పరీక్షలు ప్యాకేజీలోనే ఉండిపోతాయి. పదేళ్ల తరువాత మరెవరో మరో పని చేస్తూ తెలియక దీన్ని చెడగొడితే, పరీక్ష వెంటనే గంట కొడుతుంది.

నాలుగోది సమీక్ష. ప్యాకేజీని కనిపెట్టుకుని ఉండేవారు సవరణను పంక్తి పంక్తీ చదువుతారు. 'ఈ పేరు అర్థం కావడం లేదు', 'జాబితాలో ఒక్క అంకే ఉంటే ఏమవుతుంది?' అని అడుగుతారు. జవాబు చెప్పాలి, అవసరమైతే మళ్లీ రాయాలి. రెండు మూడుసార్లు తిరిగి రావడం మామూలే. దాన్ని అవమానమనుకోకూడదు. అడిగేది మనిషిని కాదు, కోడ్‌ను. రాసినవారు ప్రొఫెసరైనా, కళాశాల విద్యార్థి అయినా పరీక్ష ఒక్కటే. అన్నీ నెగ్గిన తరువాత సవరణ అసలు ప్రతిలో కలుస్తుంది. తరువాతి సంచికతో అది ఊరూరికీ చేరుతుంది.

చాలామంది తొలి చేర్పు కోడ్ కానే కాదు. వివరణ పుస్తకంలో అర్థంకాని ఒక వాక్యాన్ని తేటగా రాయడం, లేని ఉదాహరణను చేర్చడం వంటివి కూడా అంతే గౌరవంతో తీసుకుంటారు.

తుంగభద్ర ఎగువన పుట్టిన పేరు

ఇదంతా దూరదేశాల వ్యవహారం అనుకోకండి. ఇదే తుంగభద్రకు ఎగువన, బళ్లారి సీమలో హడగలి అనే ఊరుంది. 1920 సెప్టెంబరు 10న అక్కడ ఒక తెలుగు కుటుంబంలో కల్యంపూడి రాధాకృష్ణారావు జన్మించారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరారు. 1945లో, పాతికేళ్ల ప్రాయంలో, ఒక వ్యాసం ప్రకటించారు. కొలతల నుంచి ఒక రాశిని అంచనా కట్టేటప్పుడు ఆ అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో, ఏ హద్దు దాటి మెరుగుపడలేదో అందులో చూపారు. 1946లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లి, సూడాన్ తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించారు. ఇప్పటి ప్యాకేజీలేవీ లేని కాలమది. 1948లో ఆయన ప్రతిపాదించిన ఒక పరీక్షను గణాంకశాస్త్రజ్ఞులు 'రావు స్కోరు పరీక్ష' అంటారు.

ఈనాడు 'ఆర్' భాషలో రెండు నమూనాలను పోల్చి చూసే 'ఆనోవా' అనే ఆజ్ఞ ఉంది. ఏ పరీక్ష వాడాలో దానికి చెప్పాలి. అక్కడ టైపు చేయదగిన మాటల్లో ఒకటి 'రావు'! ఏ దేశంలో ఏ విద్యార్థి ఆ పరీక్ష కావాలన్నా ఆ పేరు కొట్టవలసిందే. ఆయన కాగితం మీద రాసిన సూత్రాన్ని ఎవరో కోడ్‌గా మార్చారు, అందరికీ తెరిచి ఉంచారు. రావుగారికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది. అదే ఏడు ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

మన ప్రాంతంలో ఈ పని గురించి సమావేశాలూ జరిగాయి. శాస్త్రీయ పనులకు పైథాన్ వాడేవారి 'సైపై ఇండియా' సమావేశం 2010 డిసెంబరులో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో జరిగింది. బొంబాయి ఐ.ఐ.టి.వారు 'ఫాసీ' అనే పథకం ద్వారా ఇలాంటి ప్యాకేజీలను విద్యార్థులకు చేరుస్తున్నారు. వారి 'స్పోకెన్ ట్యుటోరియల్' పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. పైథాన్, ఆర్ రెండూ ఉచితం. పాఠశాలలో పాత కంప్యూటర్ ఒకటి ఉన్నా మొదలుపెట్టవచ్చు.

మీరు చేసి చూడండి

కంప్యూటర్ లేకున్నా ఈ పనిలోని అసలు విద్యను ఇప్పుడే నేర్చుకోవచ్చు. నిటారు గోడలున్న గాజు సీసా ఒకటి తీసుకోండి. దాని మూతి, అడుగు ఒకే వెడల్పు ఉండాలి. చెట్టు నీడ, చూరు నీళ్లు పడని చోట పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు నీటి ఎత్తు స్కేలుతో కొలిచి పారబోయండి. వాతావరణ శాఖవారు కొలిచే వేళా అదే. వాన లేని రోజు 0 అని రాయండి. కొలవని రోజు గడిని ఖాళీగానే వదిలి, పక్కన కారణం రాయండి. ఖాళీని దాచడానికి ఊహించిన అంకె వేయకండి.

నెల తరువాత మీ పట్టికను స్నేహితుడికి ఇచ్చి, మొత్తం ఎంతో కట్టమనండి. ఎలా కట్టాలో ముందుగా ఒక కాగితం మీద ఆదేశాలుగా రాసివ్వండి. మీరు నోటితో ఏమీ చెప్పకూడదు. ఇద్దరి జవాబులూ కలవకపోతే స్నేహితుణ్ణి తప్పుపట్టకముందు మీ ఆదేశాలను మళ్లీ చదవండి. ఎక్కడ రెండు అర్థాలు వచ్చాయో వెతికి, ఆ పంక్తి సరిచేసి, మూడోవారికి ఇచ్చి చూడండి.

ముగ్గురికీ ఒకే జవాబు వచ్చిననాడు ఆ కాగితాన్ని తరగతి గోడకు అంటించండి. కింద ఇలా రాయండి: 'ఇందులో తప్పు కనబడితే దయచేసి చెప్పండి.'